గుల్ల చప్పుడు

మొన్న మా చెల్లెలు సత్తుపల్లి నుంచి ఫోన్ చేసింది. "అక్కా, ఇంట్లో టైల్స్ వేయిస్తున్నాం. ఐవరీ బాగుంటుందా, గ్రే బాగుంటుందా?" అని. రంగు సంగతి తర్వాత చెప్తా గానీ ముందు కింద ఏం పోశారో చెప్పు అన్నాను. "కిందంటే?" అంది. నవ్వొచ్చింది నాకు. ఆ వెంటనే మనసు కలుక్కుమంది కూడా. పన్నెండేళ్ళ కిందట నేనూ అచ్చం ఇలాగే మాట్లాడాను. దానికి ఫోన్లో అరగంట చెప్పాను, సగమైనా విన్నదో లేదో. అందుకే అంతా ఇక్కడ రాసి పెడుతున్నా. మీలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటున్నా, నేల మార్పించుకుంటున్నా పనికొస్తుంది.

మాది పాల్వంచ. మామయ్య కేటీపీఎస్‌లో పనిచేశారు. క్వార్టర్లో ఉంటూనే ఊళ్ళో చిన్న స్థలం కొని 1991లో హాలు, పక్కన ఒక గది, వంటిల్లు కట్టుకున్నారు. కట్టుకున్నారు అంటే నిజంగా వాళ్ళిద్దరే సగం పని చేసుకున్నారు. మామయ్య షిఫ్టు దిగి వచ్చేసరికి అత్తయ్య ఇసుక జల్లించి, ఇటుకలు తడిపి ఉంచేదట. హాలు నిండా నాపరాళ్ళు పరిపించారు. నేను కోడలిగా వచ్చింది 2000లో. అప్పటికే ఆ రాళ్ళు నల్లగా నిగనిగలాడుతుండేవి. అత్తయ్య బియ్యం చెరిగే మూలన, గడప దగ్గర రాయి అరిగిపోయి చెయ్యి పెడితే మెత్తగా తగులుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు తడిగుడ్డతో ఒకసారి తుడిచి, చాప కూడా లేకుండా దాని మీదే పడుకుంటాం. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మా వైపు వింతేం కాదు మరి.

కానీ నాకు ఆ నేలంటే చిన్నచూపుగానే ఉండేది. ఎవరింటికి వెళ్ళినా అద్దంలాంటి తెల్లటి టైల్స్. మా ఇంట్లో నల్లరాళ్ళు, మధ్యలో సిమెంటు గీతలు. డిగ్రీలో తెలుగు చదివి, ప్రబంధాల్లో చంద్రకాంత శిలల మేడలు, పాలరాతి తిన్నెలు ఊహించుకున్నదాన్ని కదా!

2013లో పెద్దమ్మాయికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నాం. మామయ్య అంతకు మూడేళ్ళ ముందే పోయారు. పాత ఇంట్లో మరుగుదొడ్డి పెరట్లో ఉండేది. చుట్టాలొస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. ఫంక్షన్ పేరు చెప్పి వెనకవైపు ఒక గది, దానికి ఆనుకుని బాత్రూము మొదలుపెట్టించాను. గోడలు లేచాయి, స్లాబు పడింది. ఇక బేస్‌మెంటులో మట్టి నింపడం మిగిలింది. రెండున్నర అడుగుల ఎత్తు. పక్క వీధిలో ఎవరో పాత ఇల్లు పడగొట్టి పునాదులు తవ్విస్తుంటే, ట్రాక్టరు అబ్బాయి ఆ మట్టి కిరాయి ఖర్చులకే తెచ్చి పోస్తానన్నాడు. నల్లరేగడి, ఇటుక ముక్కలు, పాత సున్నం అన్నీ కలిసిన మట్టి. ఒక్క రోజులో నాలుగు ట్రాక్టర్లు పోయించి, పారతో పైపైన చదును చేయించాను.

అప్పటి మేస్త్రీ పెద్దాయన. "అమ్మా, ఇది దిగుద్ది. ఒక వానాకాలం పోనియ్యండి. లేదంటే ఇది తీసేసి మొరం పోయిద్దాం. పొరకొకసారి నీళ్ళు పెట్టి దిమ్మిసతో కొట్టియ్యాలి. వారం పట్టుద్ది" అన్నాడు. ఫంక్షన్ ఇంక పన్నెండు రోజులే ఉంది. "కింద ఎవరు చూస్తారయ్యా, పైన బాగుంటే చాలు" అన్నాను. అత్తయ్య అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తలేదు.

పైన పలుచగా కంకర సిమెంటు పోసి, రెండో రోజే టైల్స్ పరిచేశారు. తెల్లవి, రెండడుగులవి, సందు అనేదే లేకుండా ఒకదానికొకటి ఆనించి. సందుల్లో మురికి చేరుతుందని అలా ఆనించమన్నదీ నేనే. ఫంక్షన్‌కి వచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. నేనూ ఒక నెల రోజులు ఆ గదిలోకి ఊరికే వెళ్ళి చూసుకుని వచ్చేదాన్ని.

రెండేళ్ళు తిరిగేసరికి తెలిసిపోయింది. నేల సంగతి తడిగుడ్డ పెట్టేవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒక మూలన గుడ్డ ఒత్తితే టైలు కింద గుల్లగా చప్పుడు. గోడ అంచున స్కర్టింగుకీ నేలకీ మధ్య వేలి గోరు దూరేంత సందు. బాత్రూములో జాలీ వైపు పోవాల్సిన నీళ్ళు తలుపు వైపు వచ్చి పావు ఇంచు ఎత్తున నిలబడేవి. నేను రోజూ స్నానాలయ్యాక చీపురుతో తోసి, గుడ్డతో అద్దేదాన్ని. మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఎందుకైందో కూడా చెప్పాలి కదా.

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ గదిలో టపాకాయ పేలినట్టు పెద్ద చప్పుడు. సిలిండరేమో అనుకుని పరిగెత్తాను. గది మధ్యలో నాలుగు టైల్స్ ఒకదానికొకటి ఆనుకుని గుడారంలాగా పైకి లేచి నిలబడ్డాయి! మా అబ్బాయి గూగుల్ చూసి చెప్పాడు: ఎండకి టైలు సాగుతుందట. పన్నెండడుగుల వరుస మొత్తం కలిసి ఒక మిల్లీమీటరు కూడా సాగదు. కానీ ఆ కాస్తకీ చోటు లేకపోతే, కింద పట్టు కూడా లేకపోతే, అది పోవడానికి ఇంక పైకి తప్ప దారి లేదు. మనం గోడ దగ్గరా సందు వదల్లేదు, టైలుకీ టైలుకీ మధ్యా వదల్లేదు, కిందేమో గుల్ల. మేం ఆ నాలుగు టైల్స్ తీసేసి, గుంట మీద పాత దుప్పటి మడిచి వేసి, దాని మీదికి మంచం జరిపాం. ఇంకో రెండు నెలలు అలాగే గడిపేశాం. సిగ్గు లేకుండా రాస్తున్నా.

ఆగస్టు 5న కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు కూల్చేశారు, ఎనిమిదీ ఒకే రోజు. ఊరు ఊరంతా డాబాలెక్కి చూసింది. అత్తయ్య కూడా మెట్లెక్కి వచ్చింది. మామయ్య బతుకంతా వాటి నీడలోనే గడిచింది కదా. పొగమంచులాగా దుమ్ము లేచి, అది తేరుకునేసరికి ఆకాశం ఖాళీ. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత వారానికే అత్తయ్య పడింది.

తెల్లవారుజామున బాత్రూములోకి వెళ్ళి, గుమ్మం దగ్గర దిగబడిన టైలు మీద నిలిచిన నీళ్ళలో కాలు వేసింది. ఆ టైలు సంగతి నాకు తెలుసు. ముందురోజు రాత్రి గుడ్డతో అద్దకుండా పడుకున్నదీ నేనే. తుంటి ఎముక విరిగింది. ఖమ్మం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే నాతో అన్నమాట, "పొయ్యి మీద పాలు దించినవా?" అని. డిశ్చార్జి రోజున డాక్టరమ్మ చెప్పింది: వాకరుతో నడవాలి, గడపలు ఎత్తుపల్లాలు ఉండకూడదు, తడి అసలే ఉండకూడదు. అక్కణ్ణించి అత్తయ్య ఖమ్మంలోనే ఆడబిడ్డ వాళ్ళింటికి వెళ్ళింది. నేను ఇంటికొచ్చి మేస్త్రీని పిలిచాను. ఇతను వేరే ఆయన, ముప్పై అయిదేళ్ళుంటాయి.

అతను ముందు చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది. మాట్లాడకుండా చెప్పులు విప్పి, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గదంతా టైలు టైలుకీ కొట్టుకుంటూ పోయాడు. గట్టిగా పట్టి ఉన్నచోట చప్పుడు ముద్దగా వస్తుంది. గుల్ల ఉన్నచోట కుండ మీద కొట్టినట్టు మోగుతుంది. ముప్పై టైల్స్‌లో పంతొమ్మిది మోగాయి. ఆ లెక్క నేనే పెట్టాను. తర్వాత హాల్లోకి వచ్చి నాపరాళ్ళ మీద కూడా అలాగే కొట్టాడు. ఒక్కటి మోగలేదు. "ఇది ఎవరు ఏయించిండ్రమ్మా?" అని అడిగాడు. మా అత్తామామలు అన్నాను.

అతను రెండు లెక్కలు చెప్పాడు. ఒకటి, ఉన్న టైల్స్ మీదే కొత్తవి అతికించడం. రెండు రోజుల పని, ఖర్చు తక్కువ. రెండోది, మొత్తం తవ్వి, మట్టి మార్చి, మళ్ళీ నేల పోయడం. నెల పడుతుంది, ఖర్చు మూడింతలు. మా ఆయన మొదటిదే చాలన్నారు. అమ్మ ఖర్చే అంత అయింది, ఇప్పుడిదొకటా అని. ఆయన మాటా నిజమే. కానీ పాత టైల్స్ మీద కొత్తవి వేస్తే నేల దాదాపు ముప్పావు ఇంచు లేస్తుంది. హాల్లోంచి గదిలోకి వచ్చేచోట మెట్టు పడుతుంది, వాకరు తగులుతుంది. పైగా కింద దిగుతున్నది పైన ఏం వేసినా దిగుతూనే ఉంటుంది. నా పేరున లక్ష రూపాయల చీటీ ఉంది, నల్లపూసలకని కట్టుకుంటున్నది. అది పాడి తీసుకుంటానన్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, "నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి బోలెడు అర్థాలు. ఈసారి ఒప్పుకున్నారనే అనుకున్నాను.

టైల్స్, కింది పలుచటి కాంక్రీటు పగలగొట్టిన రోజు నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కాంక్రీటు కింద ఒక మూల రెండంగుళాల ఖాళీ. చెయ్యి దూరుతుంది. ఆ కింద మట్టి, పగుళ్ళు పగుళ్ళుగా. నల్లరేగడికి అదే గుణం, వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. చేలో పత్తికి అది బంగారమే గానీ ఇంటి నేల కింద పనికిరాదు. ఇంకా తవ్వితే ఇటుక ముక్కలు, కుళ్ళిన చెక్క, సిమెంటు సంచులు, ఎవరిదో పాత రబ్బరు చెప్పు. బరువు మీద పడేకొద్దీ, కుళ్ళేకొద్దీ దిగిపోతూ వచ్చింది. చెప్పు చేతిలో పట్టుకుని మేస్త్రీ నవ్వాడు. "ఇట్టాంటి మట్టి ఎవడు పోసిండమ్మా?" అన్నాడు. నేను మాట్లాడలేదు.

డిగ్రీలో ఉండగా ఒక మాట చదువుకున్నాం, కుట్టిమం అని. అంటే రాళ్ళు పరిచి కట్టిన నేల. మూలంలో దంచడం అనే అర్థం ఉన్న మాట అది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, నేల అంటే దంచాల్సిందని నాకు అప్పుడు బుర్రకెక్కలేదు.

మట్టంతా తోడి పోశాక మొరం తెప్పించాం. ఎర్రటి గరప మొరం. ఆరంగుళాల పొర పరచడం, నీళ్ళు చిలకరించడం, దిమ్మిసతోనూ మట్టికొట్టే మిషనుతోనూ కొట్టడం. మళ్ళీ ఆరంగుళాలు. అలా ఐదు పొరలు. మొరం మరీ బురదైపోకూడదు, మరీ పొడిగానూ ఉండకూడదు. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి నీళ్ళు అంటకూడదు. జంతికల పిండి సంగతి తెలిసిన మనకి ఇది చెప్పాల్సిన పని లేదు. నాలుగో పొరకి నేనే పిడికిలి పట్టి చూసి, ఇంకాస్త నీళ్ళు చల్లమన్నాను. మేస్త్రీ తనూ పట్టి చూసి సరేనన్నాడు. నాకు ఆ రోజు అన్నం ఎక్కువే తినబుద్ధేసింది.

ఆగస్టు 28న పైన మూడంగుళాల కాంక్రీటు పోశారు. అంతకు ముందు సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొస హాలు గడప దగ్గర, ఇంకో కొస గది నాలుగు మూలలా పట్టి మట్టం గీతలు గీశారు. నీళ్ళెప్పుడూ రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలుస్తాయి కాబట్టి ఎంత దూరమైనా తేడా రాదు. ఆ గీతల్ని బట్టి టైలుకీ, దాన్ని అతికించే గమ్‌కీ కలిపి అర ఇంచు పైన వదిలి, అల్యూమినియం బద్దతో లాగారు. హాలు నాపరాయీ, కొత్త గది టైలూ కలిసేచోట కాలికి ఏమీ తగలకూడదు. నేను పదే పదే చెప్పింది అదొక్కటే.

ఇక్కడిదాకా అంతా బాగానే నడిచింది. ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన సెప్టెంబరు 1 తెల్లారేసరికి ఖమ్మాన్ని ముంచింది. మున్నేరు పొంగి ఆడబిడ్డ వాళ్ళ కాలనీలోకి వచ్చేసింది. వీళ్ళుండేది మొదటి అంతస్తు, బతికిపోయారు. కింది వాటాలో వాళ్ళ సామానంతా బురద. కరెంటు లేదు, నీళ్ళు లేవు. వాకరు పట్టుకున్న మనిషిని పెట్టుకుని ఆడబిడ్డ ఏడుస్తూ ఫోన్ చేసింది. అత్తయ్య ఫోన్ లాక్కుని, "నేను చవితికి మన ఇంట్లోనే ఉంటా. వచ్చి తీసుకపోండి" అంది. ఆ ఏడు వినాయక చవితి సెప్టెంబరు 7.

మేస్త్రీని అడిగాను. కాంక్రీటు పోసి నాలుగు రోజులే అయింది. "కనీసం వారం నీళ్ళు పట్టాల. ఆపైన వారం పది రోజులు ఆరనిస్తే మంచిది. మీరు అర్జెంటంటే రేపే టైల్స్ మొదలుపెడ్తా. కాకపోతే తర్వాత నన్ను అనొద్దు" అన్నాడు. పచ్చి కాంక్రీటు ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, దాని మీద అప్పుడే అతికించిన టైల్స్‌ని లాగుతుంది. అదీ సంగతి. మా ఆయన, "అమ్మ ఎక్కడికి పోతుంది బాత్రూముకి? మొదలుపెట్టించు" అన్నారు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ అదే గుమ్మం, అదే పండగ ముందు తొందర. పెరట్లో పాత మరుగుదొడ్డి ఉంది గానీ, కూర్చుని లేచేది. తుంటి ఆపరేషన్ అయిన మనిషికి కుదరదు. ఆగితే అత్తయ్యకి కష్టం. ఆగకపోతే ఇంకో ఐదారేళ్ళకి ఎవరికి కష్టమో. సాయంత్రం కొత్తగూడెం వెళ్ళి కమోడ్ కుర్చీ కొనుక్కొచ్చాను. మేస్త్రీకి ఫోన్ చేసి చవితి వెళ్ళాక, పదహారో తారీఖున రమ్మన్నాను.

అత్తయ్య అయిదో తారీఖున వచ్చింది. హాల్లో నాపరాళ్ళ మీద మంచం వేసి, మూలన చీరతో తెర కట్టి కుర్చీ పెట్టాను. ఆ కుర్చీ చూసి ఆమె మొహం తిప్పుకుంది. జీవితంలో ఎవరి చేతా మంచినీళ్ళు కూడా తెప్పించుకోని మనిషి. నేను గిన్నె తీసి బయటికి తీసుకెళ్తుంటే కళ్ళు మూసుకునేది. మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చవితి రోజు మంచం మీద కూర్చునే పత్రి సర్దింది. పూజకి పిలిస్తే "నేను మైలమనిషిని, ఆ కుర్చీ పక్కన ఉన్నదాన్ని" అంది.

ఆ రాత్రి చెప్పేశాను. లైటు తీసేశాక, కింద నాపరాళ్ళ మీద పడుకుని, ఆమె మొహం కనపడకుండా చెప్పాను. ఆ మట్టి నేనే పోయించానని, మేస్త్రీ వద్దంటే వినలేదని, నీళ్ళు నిలుస్తున్న సంగతి నాకు తెలుసని. "మీరు పడింది నా వల్ల అత్తయ్యా" అన్నాను.

కాసేపు ఫ్యాను చప్పుడే. తర్వాత అంది, "చిక్కుడుకాయలు తుంచుతున్న గదా, విన్న."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మేస్త్రీ మాటే వినలే, నా మాట వింటవా? మీ మామయ్య పోయినంక నీ ఇల్లాయె. అడిగితే చెప్తననుకున్న. నువ్వు అడగలే."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమె మంచం మీంచి చెయ్యి కిందికి వేలాడేసి నా తల మీద పెట్టింది. కొంచెం సేపాగి నేను, మామయ్య గొప్పవారు, ఈ హాలు మట్టిని రెండు వానాకాలాలు ఆగనిచ్చి నేల వేయించారు, అందుకే రాయి కదల్లేదు అన్నాను. ఇంట్లో అందరం చెప్పుకునే కథే అది. అత్తయ్య ఆ చీకట్లో కిసుక్కున నవ్వింది.

"ఆగనిచ్చుడేంది అమ్మాయ్! పైసల్లేక ఆగినం. మట్టి పోసేవరకే పైసలైపోయినయ్. రెండు వానాకాలాలు గోడల మధ్య బర్రెను కట్టేసినం. అది తొక్కీ తొక్కీ గట్టిపడ్డది. మీ మామయ్య తర్వాత అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు, పోనీలే అని నేనూ ఊకున్న."

ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మేమిద్దరం అంతగా నవ్వుకున్న రాత్రి ఇంకొకటి లేదు. ఆమెకు ఆపరేషన్ చేసిన చోట నొప్పి కూడా పుట్టింది పాపం.

టైల్స్ సంగతి ఇక గబగబా చెప్పేస్తా. కొనడానికి నేనూ మా అబ్బాయీ వెళ్ళాం. షాపులో అద్దంలా మెరిసేవే ముందు వరుసలో పెడతారు. మయసభలో మడుగేదో నేలేదో తెలియక దుర్యోధనుడు పడ్డది అందరికీ తెలిసిందే. 'దానవీరశూరకర్ణ'లో రామారావుని చూసి మనమంతా నవ్వుకున్నాం కూడా. మన ఇంట్లో మయసభ అక్కర్లేదు. షాపతన్ని నీళ్ళ సీసా అడిగి టైలు మీద పోసి, చెప్పు విప్పి కాలితో రాసి చూశాను. అతనికి కొంచెం కోపమొచ్చింది, రానీ. గదికి మెరుపు లేని విట్రిఫైడ్ తీసుకున్నాను. అవి నీళ్ళు పీల్చవు, బరువులో అర శాతం కూడా పీల్చవట. అందుకే ఉత్త సిమెంటు పాలు వాటికి సరిగ్గా పట్టవు, గమ్‌తో అతికించాలి. బాత్రూముకి గరుకువి, అడుగు బై అడుగువి. చిన్న టైల్స్ అయితే జాలీ వైపు వాటం ఇవ్వడం సులువు, సందులెక్కువ కాబట్టి కాలికి పట్టూ ఉంటుంది. ఒకే సరుకులో కూడా బ్యాచి మారితే రంగు తేడా వస్తుంది. పెట్టెల మీద బ్యాచి నంబరు చూసి క్యాలెండరు మీద రాసుకున్నాను. మీరూ రాసుకోండి.

ఆ నంబరు ఎందుకు పనికొచ్చిందంటే, మా గది పన్నెండు బై పది. రెండడుగుల టైల్స్ ముప్పై సరిపోతాయని లెక్కేసి, తరుగుకి కలిపి తొమ్మిది పెట్టెలు తెచ్చాను, పెట్టెకి నాలుగు. మేస్త్రీ గమ్ కలపకముందు ఉత్తినే పరిచి చూశాడు. గోడవారన ఇంచున్నర సన్నటి పట్టీ మిగిలింది! రెండడుగుల టైలని అంటాం గానీ అది 600 మిల్లీమీటర్లు. రెండడుగులంటే 610 దాకా ఉంటుంది. ఆరు టైల్స్‌కి ఆ తేడా అంతా పోగవుతుంది. "సన్న ముక్కే ముందు లేస్తది. వరుసను సగం టైలు జరిపితే రెండు గోడల దగ్గరా వెడల్పు ముక్కలొస్తయ్. ఇంకో రెండు పెట్టెలు కావాలె" అన్నాడు. ఆ ముక్క పడేది మంచం కింద. ఎవరు చూస్తారు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, ఒట్టు. రెండు పెట్టెలు తెప్పించాను, అదే బ్యాచివి.

పళ్ళున్న తాపీతో గమ్ గీతలుగా పరిచి, టైలు పెట్టి, రబ్బరు సుత్తితో కొట్టి, రసమట్టం పెట్టి చూడటం. టైలుకీ టైలుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లస్ గుర్తులు. గోడవారన నాలుగు వైపులా పెన్సిలు పట్టేంత ఖాళీ. అది స్కర్టింగు కింద కనపడదు. మొదట్లో ఒక టైలు పెట్టి మళ్ళీ ఊడదీసి వెనక చూపించాడు నాకు, గమ్ వెనకంతా అంటుకుందా అని. మూలన అరచేయంత చోట అంటలేదు. మళ్ళీ పూసి పెట్టాడు. బాత్రూములో నీళ్ళు దిగకుండా రెండు పూతలు వేసి, జాలీ మూసి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి చూశాం. ఆరడుగుల దూరానికి ఇంచుకు కాస్త తక్కువ వాటం. అంతా అయ్యాక చెంబుడు నీళ్ళు గుమ్మం దగ్గర పోశాను. ఎక్కడా ఆగకుండా నడుచుకుంటూ వెళ్ళి జాలీలో పడ్డాయి. ఇంకో చెంబు పోశాను. మా అబ్బాయి వీడియో తీసి వాళ్ళ అక్కకి పంపాడు, "అమ్మ నీళ్ళు పోసుకుంటూ ఆడుకుంటోంది" అని.

ఇరవై ఆరో తారీఖున అత్తయ్య వాకరుతో హాల్లోంచి గదిలోకి నడిచింది. నాపరాయి అయిపోయి టైలు మొదలయ్యేచోట నేను ఊపిరి బిగబట్టాను. వాకరు ఆగలేదు. ఆమె చూసుకోనుకూడా లేదు, తిన్నగా బాత్రూముకి వెళ్ళి తలుపేసుకుంది. నేను కమోడ్ కుర్చీ కడిగి డాబా మీద ఎండబెట్టాను. తర్వాత వెనక వీధిలో ఎవరికో అవసరమైతే ఇచ్చేశాం.

సంక్రాంతికి వాకరు పోయి చేతికర్ర వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉంటే గదిలోంచి టక్, టక్ అని చప్పుడు. వెళ్ళి చూస్తే అత్తయ్య కర్ర చివరతో టైలు టైలుకీ కొట్టుకుంటూ గోడవారన నడుస్తోంది. తల ఒక పక్కకి వంచి వింటోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఒక వరుస, రెండో వరుస, మూడో వరుస. బీరువా పక్కకి వచ్చేసరికి ఆగింది. మళ్ళీ కొట్టింది. నాకూ వినపడింది.

"ఇదొక్కటి గుల్ల" అంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"ఎట్లా అత్తయ్యా, ఉండనిద్దామా? బీరువా పక్కదే కదా" అన్నాను.

"మేస్త్రీకి ఫోన్ చెయ్" అంది.

మిగిలిన రెండు టైల్స్‌లో ఒకటి తీసి తుడిచి పెట్టాను. అతను ఆదివారం వచ్చాడు.